నా మోకాలికి సూది టెస్టు

నేను చదివింది ఐదో క్లాసు. రాయడం అలవాటు లేదు, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మాది దీవి. సునామీకి ముందు మేము మిన్నీ బేలో ఒడ్డు దగ్గరే ఉండేవాళ్ళం. ఆ పొద్దున నీళ్ళు మా గుమ్మం దాటి లోపలికొచ్చాయి. పక్కింటి వాళ్ళ బియ్యం డబ్బా తేలుకుంటూ పోవడం చూశాను. మేము బతికిపోయాం. కానీ ఇంక నేను కిందన ఒడ్డు దగ్గర పడుకోలేనన్నాను. మా ఆయన ఆస్టినాబాద్‌లో కొండ మీద రెండు గదులు కట్టాడు. రోడ్డు నుంచి ఇంటికి అరవై రెండు మెట్లు. నల్లా కిందనే. నీళ్ళ డబ్బాలు పట్టుకుని ఎన్నేళ్ళు ఎక్కానో, కుడి మోకాలు అరిగిపోయింది.

చివరికి మా ఆయన మళ్ళీ మిన్నీ బేలోనే అద్దెకి ఇల్లు చూశాడు.

"ఒక్క మెట్టు కూడా లేదే" అన్నాడు.

"సముద్రం ఉంది గదా."

"నీళ్ళు రోజూ వస్తాయేటే?"

"రోజూ ఎందుకు? ఒకసారి వస్తే చాలదా?"

ఆ ఇంటి ఓనరుకి ఏ సంగతీ వారంలో చెప్తానన్నాడు.

ఆ వారమే నొప్పుల డాక్టరు సముద్రం అవతల మెయిన్‌లాండ్ నుంచి మా ఆసుపత్రికి నాలుగు రోజులు ఉండేట్టు వచ్చాడు. మోకాలు మార్చే ఆపరేషన్ అంటే నాకు భయం. ఈయన కోత లేదన్నాడు. నొప్పి తెలిపే నరాల దగ్గర సూది పెట్టి, దాని మొనతో వేడి చేస్తాడట. అరిగిన ఎముక అలాగే ఉంటుందట, నొప్పి మటుకు కొన్ని నెలలు తగ్గొచ్చట. ముందు టెస్టు. అదే చోట మొద్దుబార్చే మందు వేస్తాడు, అది కొన్ని గంటలే పనిచేస్తుంది. ఆ లోపల నొప్పి బాగా తగ్గితేనే అసలు పని. లేకపోతే దండగ. ఇదంతా హిందీలో చెప్పి, "దీదీ, ఇంటికెళ్ళి పది మార్కులకి ఎంత నొప్పో గంటగంటకీ రాయండి" అని కాగితం ఇచ్చాడు. అప్పటికి నాది తొమ్మిది.

సూది వేయించుకుని వచ్చాను. సూది పడిన కాలు కదపకూడదని మా వీధి మొత్తం తేల్చేసింది. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మా ఆయన, మా అబ్బాయి నన్ను ఎత్తుకుని మెట్లెక్కించారు. ఎదురింటి ఆవిడ పైనుంచి, "అమ్మవారు వస్తంది, జరగండర్రా!" అని అరిచింది. నాకు సిగ్గేసి చావొచ్చింది. మా కోడలు కాలి కింద దిండు పెట్టి మంచం దిగనివ్వలేదు. నేను కాగితం మీద సున్నా, సున్నా, సున్నా రాశాను.

మర్నాడు డాక్టరు చూసి సంబరపడ్డాడు. "ఎన్ని మెట్లెక్కారు దీదీ?"

నేను మా ఆయన వైపు చూశాను. "ఎక్కలేదు సార్. ఎక్కించారు."

సంగతి విని నవ్వాడు. "అయితే కుర్చీకి నొప్పి లేదని తెలిసింది." తర్వాత నవ్వలేదు. "రేపు సాయంత్రం నా ఫ్లైటు. ఇవాళ మళ్ళీ వేస్తాను. ఈసారి మీరే నడవాలి."

ఈసారి నేనే ఎక్కాను. మా ఆయన వెనకాల చేతులు చాపుకుని వచ్చాడు.

"పట్టుకోకు."

"పట్టుకోలేదే తల్లీ, నడు."

ఇరవై మెట్ల దాకా ఏమీ లేదు. నలభై దగ్గర లాగింది. దిగేటప్పుడు ఇంకొంచెం. మళ్ళీ పైకొచ్చి కాగితం ముందు కూర్చున్నాను. నా లెక్కకి నాలుగు. నాలుగంటే కుదరదంటాడేమో. అప్పుడు మిన్నీ బే తప్పదు. పెన్సిల్ పట్టుకుని అలాగే ఉండిపోయాను.

మా ఆయన చూసి, "ఒకటి రాసేయ్. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు.

"కిందకి పోదామన్నది నువ్వే గదా?"

"ఇల్లెక్కడుంటే నాకేటి? నువ్వు మూలుగుతుంటే నాకు నిద్ర లేదు."

ఆ మాటకి నాకు ఒకటి రాయాలనే అనిపించింది. కానీ సున్నాలు రాసి ఒకసారి డాక్టర్ని మోసం చేసినట్టయింది. అబద్ధానికి సూది పొడిపించుకుంటే పోయేది నా కాలే గదా. నాలుగు రాశాను.

పొద్దున్నే డాక్టరు కాగితం చూశాడు. "తొమ్మిది నుంచి నాలుగా? చాలు దీదీ, పడుకోండి" అన్నాడు. మూడు చోట్ల సూదులు పెట్టాడు. నిద్రపుచ్చే మత్తు ఇవ్వలేదు. నర్సు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

రెండు వారాలు మోకాలు మండినట్టుంది. తర్వాత తగ్గింది. మొత్తం పోలేదు. వాన ముసురు పడితే లాగుతుంది. నరం మళ్ళీ తేరుకుంటే నొప్పి తిరిగొస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. వస్తే మళ్ళీ చూసుకుంటాం. ఇప్పుడు మధ్యలో రెండు చోట్ల ఆగి ఎక్కుతున్నాను. నీళ్ళు మా అబ్బాయి తెస్తాడు.

మా ఆయన మిన్నీ బే ఇంటాయనకి ఫోన్ చేసి, "వేరే వాళ్ళకి ఇచ్చేయ్ భయ్యా, మా ఆవిడ దిగదు" అని చెప్పాడు.