ద్రౌపది పెద్దమ్మ గుసగుస

నీలం నగర్‌లో మా గది గోడకు అవతలే మరమగ్గాల షెడ్డు. పెళ్లయిన నాటి నుంచి ద్రౌపది పెద్దమ్మ అందులో కండెలు చుట్టింది. ఆ మోత ఆమె చెవులను తినేసింది. ఇప్పుడు మా ఎదురింటి గడపలో కూచుని బీడీలు చుడుతుంది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. తన గొంతు ఎంత పెద్దదో మాత్రం ఆమెకు తెలియదు. "ఎవ్వలికి చెప్పకు" అని ఆమె చెవిలో చెప్పిన సంగతి అశోక్ చౌక్ దాకా వినిపిస్తుందని గల్లీలో నవ్వుకునేవారు.

ఇది తొంభై రెండు నాటి మాట. మా పాప వైశాలికి పదో నెల. పిలిస్తే ఒకసారి తిరుగుతుంది, ఇంకోసారి తిరగదు. బడిలో నేను సైన్సు సారును. ధ్వని అంటే కంపనమని బల్ల మీద కొట్టి చూపించేవాణ్ణి. ఇంట్లో ఆ చదువు పనికిరాలేదు. పగలూ రాత్రీ మగ్గాలే. నేల అదురుతుంది, గిన్నెలు అదురుతాయి. పాప వింటోందో, నా నీడ చూసి తిరుగుతోందో తేలేది కాదు. ముందు నిశ్శబ్దంగా ఉన్నచోట వెనక నుంచి పిలిచి చూడమన్నాడు డాక్టరు.

"జోడ్‌భావి పేట్‌ల మా అమ్మింటి కాడ మగ్గాల మోతుండది, ఆడ చూద్దం పా" అనేది నా భార్య మంగళ. ఆదివారం అనేవాణ్ణి. ఆదివారం వస్తే పాపకు జలుబు చేసిందనేవాణ్ణి.

పెద్దమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు.

"ఉగాచ్, ఉత్తగనే ఫికర్ జేస్తవేంది సారూ? మన దేవుడు మార్కండేయుడున్నడు. మోతల పుట్టిన పోరి, మోతకు అలవాటు పడ్డది. గంతే."

"ఒకవేళ..."

"నోర్మూసుకో. మంగళా, నీ మొగడు బిడ్డను చూస్తుండా, పరీక్ష పేపర్ దిద్దుతుండా?"

మంగళ పకపకా నవ్వేది. రోజు మొత్తంలో మా గదిలో నవ్వు వినిపించేది అప్పుడే.

ఒక సాయంత్రం పెద్దమ్మ దీపం పెట్టడానికి తన ఇంట్లోకి వెళ్లింది. నేను మా గడపలో కూచున్నాను. పాప నా ఒళ్లో, గల్లీకి వీపు పెట్టి ఉంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. ఆ నిశ్శబ్దంలోకి ఎదురింట్లోంచి పెద్దమ్మ గొంతు వచ్చి పడింది. తను గుసగుసగా మొక్కుకుంటున్నాననుకుంటోంది.

"దేవా, ఏం కాదని వాళ్లకు చెప్పిన. నాకేం ఎరుక? నాక్కూడ భయమైతున్నది. దినాం చూస్తున్న, ఆ పోరి నా లెక్కనే మూతి దిక్కు చూస్తది. నన్ను చెవిటిదాన్ని జేసినవు, ఒక్క మాటన్న అన్ననా? ఈ పోరిని ఇడిశిపెట్టు. నన్ను అబద్ధాలదాన్ని జెయ్యకు."

నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఎవరూ నవ్వలేదు. మంగళ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. నా మొహం చూడలేదు, పాపను చూసింది. పాప నా చొక్కా గుండీతో ఆడుకుంటోంది.

"దేవా!" అని మళ్లీ అరిచింది పెద్దమ్మ.

పాప గుండీని నోట్లో పెట్టుకుంది. తల తిప్పలేదు.

పెద్దమ్మ పమిటతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "లైట్ పోయిందా? ఏందట్ల చూస్తున్నరు?" అంటూ మా దగ్గరికి వచ్చి ఎదురుగా వంగింది. ఆమె కనబడగానే పాప చేతులు చాచింది.

"చూసినవా సారూ, నా మాటకు ఎట్ల వస్తున్నదో!"

నేను పెదవులు నిదానంగా కదిపాను. "పాపకు వినబడలేదు పెద్దమ్మా."

మళ్లీ చెప్పమనలేదు ఆమె. పాపను ఎత్తుకుంది. తరవాత గల్లీ దాటి, చంకలో పాపతోనే దేవుడి పటం ముందుకు వెళ్లింది. నేనూ వెనకే వెళ్లి గుమ్మంలో ఆగాను.

"అయితే ఇగ నువ్వే చూస్కో" అంది పటంతో. "నిన్ను ఇడిశి మేమేడికి పోతం?"

ఇంకా ఏదో అంటూనే ఉంది. కరెంటు వచ్చింది. మగ్గాలు మొదలయ్యాయి. ఆమె గొంతు అందులో మునిగిపోయింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. పాప రెప్ప వేయకుండా వాటినే చూస్తోంది.