అమలాపురం ప్రచార బృందానికి ఎలక్ట్రానిక్ డ్రమ్ము

1986 వేసవిలో నన్ను సహాయ ప్రచార అధికారిగా అమలాపురం వేశారు. ప్రభుత్వ పథకాల గురించి ఊరూరా పాటలతో చెప్పించడం మా శాఖ పని. నా చేతికింద ఒక జీపు, ఒక మైకు సెట్టు, ముగ్గురు కళాకారులు. పాడేది సత్యవతి గారు, హార్మోనియం ఆవిడ భర్త, డోలక్ నూకరాజు. ఈ ముగ్గురికీ నేను అధికారిని. సంగీతంలో నాకు తెలిసిందల్లా పాట అయిపోగానే చప్పట్లు కొట్టాలని. అదీ ఒక్కోసారి అవకముందే కొట్టేసేవాణ్ణి.

కళాకారులవి పర్మినెంటు ఉద్యోగాలు కావు. పారితోషికం మీద పనిచేసేవారు. ఏడాదికోసారి నేను సిఫారసు రాస్తే జిల్లా అధికారి ఒప్పందం పొడిగించేవారు. నూకరాజు అంతకుముందు కొబ్బరి వర్తకుడి దగ్గర కాయలు ఒలిచేవాడు. ఇద్దరు ఆడపిల్లలు బడికి వెళుతున్నారు. ఈ పని పోతే మళ్ళీ ఆ ఒలుపుకే వెళ్ళాలని, అది తలుచుకుంటేనే భయమేస్తుందని ఒకసారి జీపులో చెప్పాడు.

వానలు మొదలయ్యాక అసలు చిక్కు తెలిసింది. కోనసీమ తేమకి డోలక్ తోలు నానిన అప్పడంలా మెత్తబడిపోయేది. ఏ ఊరెళ్ళినా నూకరాజు ముందు కొబ్బరి డొక్కలు రాజేసి, దానికి సెగ చూపించాలి. డొక్కలు తడిసి ఉంటే పొగ తప్ప సెగ ఉండదు. జనం వచ్చి కూర్చునేవారు, మేము దగ్గుతూ ఉండేవాళ్ళం. దీనికి శాశ్వత పరిష్కారంగా ఎలక్ట్రానిక్ డ్రమ్ము కొనాలని జిల్లా కార్యాలయానికి పెద్ద నోటు రాశాను. అంత బాగా రాయకుండా ఉండాల్సింది. వెంటనే మంజూరైంది. కింద ఒక వాక్యం కూడా వచ్చింది: యంత్రం కొన్న పిమ్మట వాద్యకారుని అవసరం కలదో లేదో పరిశీలించి తెలియజేయవలెను.

నూకరాజుకి ఆ సంగతి చెప్పక తప్పలేదు. "ఆయ్, అలాగేనండి" అన్నాడు. "మరి నన్ను ఉంచుతారాండి?" అని అడిగాడు. ఎందుకుంచరు అని ధీమాగా అనేశాను. ఆ ధీమాకి నా దగ్గర ఆధారమేమీ లేదు.

మా నిబంధనల ప్రకారం మూడు కొటేషన్లు తెచ్చి, అందులో తక్కువ ధరదే తీసుకోవాలి. ఎక్కువ ధరది కావాలంటే కారణం లిఖితపూర్వకంగా చూపాలి. నూకరాజును వెంటబెట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. దుకాణాల్లో రెండు రకాలు చూపించారు. ఒకటి పుల్లలతో కొట్టే రబ్బరు పలకల సెట్టు. నాలుగు పలకలు, వాటికో స్టాండు. కొట్టిన బలాన్ని బట్టి శబ్దం వస్తుంది. రెండోది తనంతట తానే వాయించే పెట్టె. మీట నొక్కితే చాలు. జోల దగ్గర్నుంచి డిస్కో దాకా రకరకాల దరువులు. పైగా ధర కూడా తక్కువ.

నూకరాజు పలకల మీద రెండు దరువులు వేసి చూశాడు. "ఇది చెయ్యి చెప్పిన మాట వింటందండి" అన్నాడు. నేను వినిపించుకోలేదు. నా చూపంతా పెట్టె మీద వెలిగి ఆరుతున్న ఎర్ర దీపం మీదే ఉంది. పెట్టెను పరీక్ష కోసం అడిగి తీసుకొచ్చాను. దాంతో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం అంతా చదివాను. ఇంట్లో సాధన కూడా చేశాను. మా ఆవిడ వంటింటి తలుపు వేసుకుంది.

పరీక్ష కాట్రేనికోనలో పెట్టుకున్నాం. జిల్లా అధికారి కూడా స్వయంగా వచ్చారు. పెట్టె నేనే నడుపుతానన్నాను. ప్రభుత్వ బాధ్యత అని పైకి చెప్పాను గానీ, వేదిక ఎక్కాలని నాకెప్పట్నుంచో సరదా. నూకరాజును మైకు వైర్లు చూసుకోమన్నాను.

సత్యవతి గారు చిన్న కుటుంబం మీద జోలపాట ఎత్తుకున్నారు. పెట్టె మెత్తగా వాయించింది. నేను ఎర్ర దీపానికి తగ్గట్టు తలాడించాను. అంతా బాగానే ఉంది, చదివింపులు మొదలయ్యేదాకా. మా వైపు పాట నచ్చితే అయ్యేదాకా ఆగరు. మధ్యలోనే వేదిక దగ్గరికొచ్చి కండువానో పది రూపాయల నోటో ఇస్తారు. ఇచ్చినవారి పేరు వెంటనే మైకులో చదవాలి. కానుకలు పుచ్చుకోరాదని రూలుంది గానీ, వద్దంటే ఊరు చిన్నబుచ్చుకుంటుంది. పేరు చదివినంతసేపూ పాట ఆగుతుంది. డోలక్ మాత్రం లోగొంతుతో నడుస్తూ ఉండి, చదవడం అవగానే ఒక చిన్న ముక్తాయింపు వేసి పాడేవారికి ఎత్తుగడ అందిస్తుంది. ఈ సంగతి ఆ ఇంగ్లీషు పుస్తకంలో లేదు.

సత్యవతి గారు ఆగారు. పెట్టె ఆగలేదు. ఇచ్చినాయన పేరు దరువులో కలిసిపోయింది. ఆయన మళ్ళీ చదవమన్నారు. నేను కంగారుగా మీట నొక్కితే మొత్తం ఆగిపోయింది. ఆవిడ చరణం మధ్యలో అందుకుంటే పెట్టె మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది. సరిచేయబోయి ఇంకో మీట నొక్కాను. జోలపాట డిస్కో అయింది. కుర్రాళ్ళు లేచి ఈలలేశారు. ఇద్దరు గంతులేశారు. ఆపుదామంటే వేగం పెరిగింది. సత్యవతి గారు పాడటం మానేసి నా వంక చూస్తూ నిలబడ్డారు. జనం వన్స్ మోర్ అని అరిచారు.

నా పరువు పోయిందనుకుని కిందికి దిగాను. జిల్లా అధికారి భుజం తట్టారు. "భలే ఉందయ్యా! ఇంత జనాన్ని నేనెక్కడా చూడలేదు. ఇంక డోలక్ వాడెందుకు మనకి?" అన్నారు. ఆయన పక్కనే నూకరాజు వైరు చుడుతున్నాడు. అతని చెయ్యి ఆగింది. మళ్ళీ చుట్టడం మొదలెట్టాడు. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. పరువు దక్కిందన్న సంతోషం అక్కడికక్కడే చచ్చిపోయింది.

తిరుగు ప్రయాణంలో సత్యవతి గారు సూటిగానే చెప్పారు. "ఆ పెట్టి తెస్తే నేను పాడనండి. నేనాగితే అది ఆగదు, నేనందుకుంటే అది ఇంకెక్కడో ఉంటది."

ఇక నివేదిక రాయాలి. పెట్టె ధర తక్కువ. జనానికి నచ్చింది. అధికారి కళ్ళారా చూశారు. దాన్ని కాదనడానికి కారణం కావాలి. పెట్టె చెడ్డదని రాస్తే అబద్ధం, అది చేయాల్సిన పని చేసింది. ఎంత వెతికినా అందులో ఒక్క లోపమే కనిపించింది. అది పెట్టెది కాదు. చివరికి ఇలా రాశాను: "పరికరమునందు లోపము లేదు. దానిని నడిపిన అధికారికి తాళజ్ఞానము బొత్తిగా లేదు. పాట నడుమ ఆగి తిరిగి అందించగల వ్యక్తి లేనిదే పల్లె వేదికలపై ఏ యంత్రమూ పనికిరాదు. అట్టి వ్యక్తి బృందములో ఉన్నాడు. అతడు వాయించగల పరికరమునే కొనవలెను." కింద నా పేరు, హోదా, సంతకం.

జిల్లా అధికారి పిలిపించారు. "ఇది ఫైల్లో ఉండిపోతుందయ్యా. రేపు నీ ప్రమోషనప్పుడు ఎవరైనా తీస్తారు. ఆలోచించుకో" అన్నారు. ఉండనివ్వండి అన్నాను. ఆయన నవ్వాపుకుంటూ సంతకం చేశారు.

మంజూరైన సొమ్ముకి పలకల సెట్టు మొత్తం రాలేదు. నూకరాజునే అడిగాను. రెండు పలకలుంటే చాలని, స్టాండు అక్కర్లేదని చెప్పాడు. అమలాపురంలో వెల్డింగు షాపువాడు నీళ్ళ పైపులతో స్టాండు చేసిచ్చాడు. ఆ ఏడాది నూకరాజు ఒప్పందం పొడిగించారు. తర్వాత కూడా పొడిగిస్తూనే వచ్చారు. కొత్త సెట్టుతో మొదటి కార్యక్రమంలో నేను పక్కనే కూర్చుని హుషారుగా కాలు ఆడిస్తుంటే, అతను వాయిస్తూనే నావైపు వంగి, "అయ్యగారూ, తమరు కాస్త కాలు ఆపాలండి. నాకు తాళం తప్పిపోతందండి" అన్నాడు. ఆపేశాను.

సాంస్కృతిక విభాగానికి అధికారిని వేయాలన్నప్పుడల్లా ఎవరో ఒకరు ఆ ఫైలు తీసేవారు. నేను పత్రికా ప్రకటనల విభాగంలో రిటైరయ్యాను. అక్కడ తాళంతో పనిలేదు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇంతే. వాయిద్యం కొనేవాడు దుకాణానికి బయల్దేరే ముందే దాన్ని ఎవరు, ఎక్కడ, ఎలా వాయిస్తారో తేల్చుకోవాలి. ధరల సంగతి ఆ తర్వాత చూడవచ్చు. ఇక తక్కువ ధరను తోసిపుచ్చడానికి నేను సర్వీసులో చాలా కారణాలు రాశాను. దాదాపు అన్నిటికీ ఆడిట్ వారు వివరణ అడిగారు. నాకు తాళజ్ఞానం లేదన్నదాన్ని మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు.