కాలెత్తితే పేలే మోటారు

కొంటాలో శ్రీరంగం సేటు మోటారుకు డ్రైవరు రామనర్సయ్య. బస్తర్ రాజ్యంలో ఆ కొసన మోటారు నడపడమంటే నడపడం ఒక్కటే కాదు, దాని రోగాలకు వైద్యమూ మనమే చేసుకోవాలి. మేస్త్రీ కావాలంటే జగదల్‌పూరు పోవాలి. వానాకాలమైతే జగదల్‌పూరుకు దారే ఉండదు. అందుకని రామనర్సయ్యకు తన చేతిపనిమీద నమ్మకం కాస్త ఎక్కువే. ఆ నమ్మకమే అతని కొంప ముంచింది.

మోటారు ముసలిది. ఎత్తు చక్కగా ఎక్కేది, నిలబెట్టి ఉంచితే బుద్ధిగా గురగురమనేది. పల్లం వచ్చి పెట్రోలు మీది కాలు ఎత్తాడా, వెనక పొగగొట్టంలో ఢామ్మని పేలేది. ఒకటి కాదు, పల్లం అయిపోయేదాకా వరసగా.

అందులోనూ సేటు ప్రతి వారం పోయే సంత సరిగ్గా ఒక పల్లం అడుగున ఉంది. అడవి ఊళ్ళవాళ్ళు చింతపండు, కరక్కాయ, ఇప్పపువ్వు తెచ్చి సేటు ఉప్పుకు మార్చుకునేది అక్కడే. భూమ్కాల్ తిరుగుబాటు నాడు ఈ అడవుల్లో తుపాకులు మోగడం విన్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. మోటారు మొదటిసారి పేలిన రోజు గంపలు గంపలుగానే ఉన్నాయి, మనుషులు మాత్రం లేరు. దేవే అనే ముసలావిడ తండ్రి ఆనాటి కాల్పుల్లోనే పోయాడు. ఆమె పొదలో దూరి, పొద్దు వాలేదాకా ఎవరు పిలిచినా బయటికి రాలేదు. పొదలోంచి కనబడుతున్న ఆమె కాళ్ళు చూసి రామనర్సయ్యకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

సంత పెద్ద హుంగా కోపం అణచుకుని చెప్పాడు. "వచ్చే సంతకు గిట్లనే పేలిస్తే, మా సంత శబరి అవతలి గట్టుకు పోతది. నీ ఉప్పు నువ్వే తిను, సేటూ."

సేటు ఆ కోపాన్ని ఇంటిదాకా మోసుకొచ్చి డ్రైవరు మీద దించాడు. "ఏందిరా నర్సయ్యా, వారం టైమిస్తున్న. మల్లా పేలిందంటే దీన్ని పాత ఇనుము కింద అమ్మేస్త. ఎడ్లబండ్లు చాలు నాకు. అప్పుడు నువ్వు ఏం నడుపుతవో చూసుకో."

ఇక ఆ వారం రామనర్సయ్య పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. ప్లగ్గులు ఊడదీసి గీకాడు. ఊరి వెనక దిబ్బ ఎక్కించి దింపాడు. ఢాం. కార్బురేటరు విప్పి, పెట్రోలును పంచెగుడ్డలో వడగట్టి పోశాడు. ఢాం. స్టీరింగు కింద నిప్పురవ్వను ముందుకీ వెనక్కీ జరిపే మీటను ఒక్కొక్క గాటూ మార్చి చూశాడు. ఢాం, ఢాం. కొలిమి తెరిచిన కమ్మరిలా మసిబారి ఇంటికొచ్చి, అన్నం ముందు కూచుని మోటారును వంశవృక్షంతో సహా తిట్టాడు.

"తిడితే బాగైతదా అది? ముందు తిను" అంది భార్య రామక్క.

"నాకు తెలుసులే" అని ఆమె మీద విసుక్కున్నాడు. తెలియదనే అసలు మంట.

ఆఖరికి ఆవేశం చల్లారాక ఆలోచించాడు. తొక్కినప్పుడు లేని పేలుడు ఎత్తినప్పుడే ఎందుకొస్తోంది? తొక్కితే పొగ బయటికి తోసుకుపోతుంది. ఎత్తితే ఆ జోరు తగ్గి, గొట్టం బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. సగం కాలిన పెట్రోలుకు ఆ గాలి తగిలితే కాలుతున్న గొట్టంలో అది భగ్గుమనక ఏమవుతుంది? అంటే ఎక్కడో సందు ఉండాలి. కానీ ఇంజనుకూ గొట్టానికీ మధ్య అతుకును చల్లగా ఉన్నప్పుడు పొద్దున్నే చూశాడు, రాయిలా ఉంది. ఈసారి దిబ్బ దిగి, వేడి మీద ఉండగానే కింద దూరాడు.

గుప్పున ధూపం వాసన కొట్టింది. గుగ్గిలం!

అతుకులో పాత అట్ట చిరిగితే, వానలకు ముందు దాన్ని గుగ్గిలంతో పూడ్చింది తనే. శబరిలో పడవల పగుళ్ళకు అందరూ రాసేది అదే మరి. నీళ్ళను ఆపేది నిప్పును ఆపుతుందా అని ఆలోచించలేదు. చల్లగా ఉంటే బిగుసుకుని, కాలితే కరిగి కారిపోతోంది. ఇంట్లో దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. వారమంతా ఎవరిని తిట్టాడో తలుచుకుని తన చెంప తానే వాయించుకున్నాడు.

రామక్క ఎంత మొత్తుకున్నా వినక ఇంట్లో రాగి పళ్ళెం కోసి, అతుకుకు సరిపడా రేకు కొట్టి బిగించాడు. దిబ్బ దింపితే చడీచప్పుడు లేదు. మళ్ళీ దింపాడు, లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సంతనాడు పల్లం మొదట్లో కాలెత్తాడు. మోటారు నూనె రాసినట్టు జారింది. వెనక సీట్లో సేటు మీసం దువ్వుకున్నాడు. అలా జారి జారి, సంత గోలలో దాని గురగుర వినబడక, ఎవరూ తలతిప్పి చూడకముందే సంత మధ్యకు వచ్చి ఆగింది. గంప సర్దుకుంటున్న దేవే వెనక్కి తిరిగేసరికి ముఖానికి జానెడు దూరంలో మోటారు! ఆమె కేక పెట్టింది. సంత సంతంతా మళ్ళీ అడవిలోకి పారిపోయింది.

"ఇప్పుడేమైందయ్యా? పేల్లేదు గదా!" రామనర్సయ్య గొంతు చిరిగేలా అరిచాడు.

"పేలినప్పుడే నయముండె" అన్నాడు హుంగా. "అల్లంత దూరాన వస్తున్నవని తెలిసేది, పిల్లల్ని తీసుకొని జరిగేటోళ్ళం. ఇప్పుడు పులి లెక్క మీదికొస్తున్నవ్. మాకేం తెలియాలె?"

రామనర్సయ్య స్టీరింగు మీద తల పెట్టేశాడు. వారం కష్టం, పళ్ళెం, పరువు, అన్నీ ఒక్క మాటతో గంగలో కలిశాయి. సేటు సంత అంచున నిలిపిన ఎడ్లబండ్లకేసి చూశాడు. ఆ చూపులో తన కొలువు పోవడం రామనర్సయ్యకు స్పష్టంగా కనిపించింది.

హుంగా మాత్రం గొణుక్కుంటూ పోయి, తన ఎద్దు మెడలోని కర్రగంట విప్పి తెచ్చాడు. మోటారు ముందు కమ్మీకి దాన్ని తాడుతో కట్టి, "పైకి పోయి మల్లా దిగు" అన్నాడు.

లొటలొటలాడుతూ మోటారు రెండోసారి దిగింది. చెట్ల చాటునుంచి ఒక్కొక్కరే తొంగిచూశారు. ఎవరో నవ్వారు కూడా. దేవే పారిపోలేదు. గంప చంకనెత్తుకుని, దారి వదిలి పక్కన నిలబడింది.

తిరుగుదారిలో ఊరు కనబడగానే సేటు సిగ్గుతో రుసరుసలాడాడు. "నర్సయ్యా, ఊళ్ళె నలుగురు చూస్తరు. ఆ గంట పీకెయ్."

జీవితంలో మొదటిసారి రామనర్సయ్య సేటు మాట కాదన్నాడు.

"పీకను సేటూ. మీకు సిగ్గైతే దిగి నడువుండ్రి."