వెతుకులమ్మను కొనసాగించవలసిందిగా

మా కార్యాలయంలో అందరూ వెతుకులమ్మ అని పిలిచే ఈ ఉద్యోగిని వయస్సు ముప్పై నాలుగేళ్ళు. ఉత్తరాలకు శుద్ధప్రతులు రాసే నకలు గదిలో పనిచేసే నేను ఆమెను ఆరేళ్ళుగా ఎరుగుదును. పాత ఉత్తరాలను క్షణంలో వెతికి చూపే సర్వరు ఆమె అజమాయిషీలో నడుస్తుంది. వేళాకోళంగా పుట్టిన ఆ పేరు ఇప్పుడు గౌరవంగానే నిలిచింది.

ఈ వేసవిలో ఆ సర్వరుకు నత్తనడక పట్టుకొన్నది. పాత ఉత్తరాల కోసం వచ్చిన జనం మా కార్యాలయం కిటికీ దగ్గర బారులు తీరారు. ఏ మాట ఏ ఉత్తరంలో ఉన్నదో సర్వరు ఒక సూచిక రాసుకొంటుంది. ఆ సూచిక క్షణం తెరిపి లేకుండా మారుతూ ఉండడమే జబ్బని ఆమె కనిపెట్టి, కొంతసేపటికొకసారి మాత్రమే మారేటట్లు చేసింది. వేగం పుంజుకొన్నది గాని, అప్పుడే రాసిన ఉత్తరం వెతికితే కనబడలేదు. పోయిందనుకొని మా నకలు గదివారు మళ్ళీ రాశారు. ఒకే ఉత్తరం రెండేసి సార్లు బయటికి వెళ్ళింది. ముందుగా మాతో చెప్పకపోవడం తన పొరపాటేనని ఆమె ఒప్పుకొన్నది. అయినా తమరు ఆగ్రహించి, ఈ నెలాఖరుకు ఆమెను తొలగించేటట్లు చిత్తు ఉత్తర్వు సిద్ధం చేయించారు.

ఆ సంగతి తెలిసీ ఆమె ఎవరినీ నిందించలేదు. కుర్చీ తెచ్చుకొని మా గదిలో కూర్చున్నది. మా పెద్ద నకలుదారు వాక్యవాక్యానికీ ‘సేవ్’ మూడుసార్లు నొక్కడం చూసింది.

“తలుపు కొడుతున్నారా, బాబాయ్ గారూ?”

“కొట్టనీ తల్లీ. ఒకసారి కరెంటు పోయి రోజంతా రాసింది గంగపాలైంది. నీకేం, చెబుతావు.”

“అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. మీరు మెతుకు మెతుక్కీ మూత తీస్తున్నారు. ఇంక అదెప్పుడు ఉడుకుతుంది?”

“చూడకపోతే మాడిపోదూ?”

“మాడకుండా చూసే పూచీ నాది.”

అంతకుముందు సేవ్ చేసిన ప్రతి వాక్యమూ సూచికలోకి పోయేది. ఇప్పుడు ఆమె చేసిన మార్పుతో వాక్యం వేరుగా భద్రమవుతుంది, భద్రమైనట్లు తెర మీద కనబడుతుంది. ఉత్తరం పూర్తయితేనే సూచికలోకి ఎక్కుతుంది. ఆ పని తక్కువ గనుక వెంటనే జరుగుతుంది, వెతికితే వెంటనే దొరుకుతుంది. పెద్ద నకలుదారు నేటికీ మూడుసార్లే నొక్కుతారు. సర్వరుకు దానితో బాధ లేదు. ఆయన వయస్సుకు కుదిరిన అలవాటును మార్చుకోమనకుండా, యంత్రాన్నే ఆయనకు అనుగుణంగా మార్చడం నాకు ఆమెలో నచ్చిన గుణం.

తొలగింపు ఉత్తర్వు శుద్ధప్రతి కోసం నా బల్ల మీదికి వచ్చింది. దానికి కారణమైన తప్పు ఇప్పుడు లేదు. ఆమె మా గదికి వచ్చిన తర్వాత ఒక్క ఉత్తరమూ రెండుసార్లు వెళ్ళలేదు. అందుచేత ఆ చిత్తును నకలు తీయకుండానే దీనికి జతపరుస్తున్నాను. తమరు దానిని ఉపసంహరించి, ఆమెను ఉద్యోగంలో కొనసాగించవలసిందిగానూ, ఆమె కుర్చీని మా గదిలోనే ఉండనివ్వవలసిందిగానూ సవినయంగా కోరుతున్నాను.