మోత వద్దు, మగ్గం కావాల

హెడ్‌ఫోన్లు అమ్మేటోని ఇంట్లో పెండ్లామే వినపడక ‘ఆ?’ అంటాంటే ఎంత సిగ్గో నాకు తెలుసు. హిందూపురంలో ఒక ఎలక్ట్రానిక్స్ అంగట్లో ఆ కౌంటర్ నాది. పొద్దున ధర్మవరంలో రైలెక్కి పోయి సాయంత్రం తిరిగొస్తా. ఇంట్లో ఆమె పవర్‌లూమ్ మీద పట్టుచీరలు నేస్తాది. మా మేనత్త కూతురే కాబట్టి పెళ్లయి ఇన్నేండ్లైనా ‘బావా’ అనే పిలుస్తాది. పోయినేడు నుంచి ఆ పిలుపు పక్కన ‘ఆ?’ కూడా చేరింది. ఏ మాటైనా రెండుసార్లు చెప్పాల.

చెవుల డాక్టరు పరీక్ష చేసి, మగ్గం మోత ఇట్లనే వింటాంటే ఉన్న వినికిడి కూడా పోతాది, మోత తగ్గితే కొంచెం తేరుకుంటాది అన్యాడు. ఆయన చెప్పిన స్పాంజి బిరడాలు వారం పెట్టుకోని, దురద పుడతాండాదని పారేసింది. ఆమె నవ్వుతానే ఉండాది. భయపడింది నేను.

అదే టైములో మా అంగట్లో, బయటి మోతని ఆపే హెడ్‌ఫోన్ల మీద కంపెనీల కొట్లాట జోరుగా నడుస్తాండె. బెంగళూరు నుంచి వారానికొక సేల్స్ మనిషి దిగుతాడు. ఒకడు మా దాంట్లో ఆరు మైకులు అంటే, రెండోవాడు వచ్చే నెలకే మాకు ఎనిమిది అంటాడు. మైకులు తక్కువున్నోడు బరువు తక్కువని చెప్పుకుంటాడు. ఇంకోడైతే బటన్లన్నీ పీకేసి, వేలు తాకిస్తే చాలన్యాడు. మన ఎండకి వేళ్లు చెమట పట్టి అది పలకలే. ఆర్నెల్లకి వాడే వచ్చి, ఈసారి నిజమైన బటన్లు పెట్టినాం సార్ అని అదేదో కొత్తగా కనిపెట్టినట్టు చెప్పినాడు. నవ్వకుండా వినేదానికే నాకు జీతం ఇస్తారేమో.

డెమో పీసుల్ని నేను రైల్లో పరీక్ష పెడతా. హిందూపురంలో తగిలించుకుంటే పెనుకొండ వచ్చేలోపల దాని బండారం బయటపడుతాది. అన్నింట్లోకి నల్లదొకటి గెలిచింది. శెనక్కాయలమ్మే ఆమె నా మొగం ముందరే నోరు తెరిచి మూస్తాండాది, కేక మాత్రం వినపడలే. ఇదే కావాల్సింది అనుకోని కొనేస్తి.

ఇంట్లో అది పెట్టుకోని మగ్గం ఆన్ చేస్తానే మా ఆమె మొగం విప్పారింది. మగ్గం యాడికో దూరంగా పోయినట్టుండాది అనింది. ఆ పొద్దు నా అంత మొగోడు ధర్మవరంలో లేడు.

మూడో దినం ఇంటికొచ్చేటప్పటికి మగ్గం ఆగిపోయుండాది. ఆమె పక్కన నేల మీద కూచోనుండాది. ఎవరో పెళ్లికూతురి ఎర్రచీర అది. నిలువు పడుగులో పోగులు తెగి పక్కవాటికి చిక్కుపడి, జానెడు మేర నేత పాడైపోయుండె. కండ్లు ఉండాయి కదా, చూసుకోవద్దా అంటి. అంటానే నాలిక కరుచుకుంటి. నేనూ నేతోళ్ల ఇంట్లో పుట్టినోన్నే. మా నాయన అన్నం తింటా తింటా, మగ్గం సద్దులో చిన్న ‘చిర్రు’ వినపడితే చెయ్యి కూడా కడక్కుండా లేచిపోతాండె. పోగు తెగింది కంటి కంటే ముందు చెవికి తెలుస్తాది. రైల్లో అన్ని పరీక్షలు పెట్టినోన్ని, ఈ ఒక్కటి మర్చిపోతి.

ఆమె హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

“మోత వద్దు బావా. మగ్గం కావాల.”

రెండు దినాలు ఒక్కొక్క పోగే విప్పుతా కూచునింది. నన్ను తిట్టినా బాగుండు అనిపించింది.

తరవాత వచ్చిన ప్రతి సేల్స్ మనిషినీ అడిగితి, మోత పోవాల, చిర్రు వినపడాల, అట్లాంటిది ఉండాదా అని. ఒకడు బయటి సద్దు వినిపించే మోడ్ చూపించినాడు. అది నొక్కితే మోత కూడా లోపలికొచ్చి కూచుంటాది. మగ్గాలోళ్లు ఎంతమంది కొంటారు సార్ అని ఇంకోడు జాలిగా చూసినాడు. నాకు ఒళ్లు మండింది.

చివరికి దొరికింది మా గోదాములోనే. జనం వాపసు తెచ్చిచ్చిన తేలికపాటి రకం ఒకటి దుమ్ము పట్టి పడుండె. దాని మీద అంటించిన చీటీలో, ఫ్యాను సద్దు పోతాది గానీ గిన్నెల చప్పుడు, తాళాల చప్పుడు వినపడతాండాయి అని ఫిర్యాదు రాసుండాది. ఆ చీటీ చదివి, నాకు కావాల్సిందీ ఇదే కదా అని గోదాములో ఒక్కన్నే నవ్వుకుంటి.

ఆదివారం అది ఆమెకి తగిలించి, చీర అయిపోయినాక కొసన మిగిలిన పడుగు మీద మగ్గం నడపమంటి. కనపడకుండా పక్కకి పోయి ఒక పోగు కత్తిరిస్తి. నాలుగు దెబ్బలు కొట్టకముందే మగ్గం ఆపి, నా తట్టు తిరక్కుండానే చెయ్యి చాపింది. కత్తెర ఆ చేతిలో పెడితి.

నాలుగు నెలలైంది. మొన్న సాయంత్రం నేను నడవలో అన్నం తింటాండా, ఆమె వంటింట్లో ఉండాది. పప్పులో ఉప్పు తక్కువైందని నాలో నేను గొణుక్కుంటి.

“ఉప్పు డబ్బా నీ పక్కనే ఉండాది బావా,” అనింది లోపల్నుంచి.

ఈసారి ‘ఆ?’ అనలే ఆమె. ఉప్పు వేసుకోకుండానే ఇంకొంచెం పప్పు అడిగి పెట్టించుకోని తింటి.