లోసలీనె నోటుబుక్కులో ఆరో లెక్క

ఒక మనిషి చేసిన తప్పును ఆమెకు తెలియకుండా మనం దిద్దేస్తే, అది ఆమెకు మేలు చేసినట్టా, ఆమె సొత్తు కాజేసినట్టా? పదకొండేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను. జవాబు ఇప్పటికీ తెలియదు.

లోసలీనెకు అప్పుడు నలభై మూడేళ్లు. ఒక చిన్న దీవిలోని పాంగై ఊరి బడిలో రెండో తరగతి పిల్లలకు పదిహేడేళ్లుగా పాఠాలు చెబుతోంది. కాగితాల మీద మాత్రం సహాయకురాలే. డిప్లొమా లేనివాళ్లు ఆ ఏడాది చివరికల్లా తరగతి గది వదలాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. డిప్లొమాకు ఆమెకు మిగిలింది ఒక్క గణితం. అది గట్టెక్కితే తన తరగతి పిల్లలు తనకుంటారు, లేకపోతే లేదు. అందుకే మా కాలేజీ కేంద్రానికి వచ్చింది. ఏడు కంప్యూటర్లు, హేలాలా అనే గుమస్తా, గణితం చెప్పే నేను. అంతే ఆ కేంద్రం. అసలు కాలేజీ సముద్రానికి అవతల వేరే దేశంలో ఉండేది.

తరగతిలో ఆమె నోరు విప్పేది కాదు. ఆమే కాదు, ఎవరూ విప్పేవారు కాదు. తెలియదని నలుగురిలో అనడం ఆ దీవిలో చిన్న సంగతి కాదు, ఒకరు తల దించుకుంటే ఇంటిల్లిపాదీ దించుకున్నట్టే. అర్థమైందా అని అడిగితే అందరూ కనుబొమలు పైకెత్తేవారు, ఔనని. ఆ కనుబొమలను నమ్మి నేను చాలా ఏళ్లు మోసపోయాను.

ఆ ఏడాదే కాలేజీవాళ్లు హోంవర్కును కంప్యూటర్లోకి మార్చారు. వారానికి పది లెక్కలు. జవాబు కొట్టగానే ఒప్పయితే పచ్చ గుర్తు, తప్పయితే ఎర్ర గుర్తు, దాని కింద ఎక్కడ దారి తప్పామో ఒక చిన్న మాట. మళ్లీ చేయవచ్చు. ఎన్నిసార్లు తప్పినా నవ్వేవాళ్లు లేరు. లోసలీనె దాని ముందు కూర్చుంటే వేరే మనిషి అయిపోయేది. ముందు నోటుబుక్కులో పెన్సిల్‌తో చేసుకునేది, తర్వాత కొట్టేది, పచ్చ వస్తే బుక్కులోనూ సిరాతో ఒక గుర్తు పెట్టుకునేది. ఎరుపు వస్తే దానితోనే మాట్లాడేది. "సరేలే, చూశాను. అంత గట్టిగా చెప్పక్కర్లేదు."

"దీంతో ఆడినన్ని మాటలు మీ ఆయనతో ఆడతావా?" అని హేలాలా ఆటపట్టించేది.

"ఆయన తప్పంటాడు గానీ ఎందుకో చెప్పడే. ఇది చెబుతుంది."

ఇంటికి పోయేటప్పుడు మాకు 'నోఫో ఆ' అని చెప్పేది. ఉండండి, నేను పోతున్నాను అని. పోయేవాళ్లు ఉండేవాళ్లకు ఆ మాట చెప్పకుండా గడప దాటరు. మాకు చెప్పాక తెర వైపు తిరిగి దానికీ చెప్పేది.

ఇబ్బంది ఒక్కటే. లెక్కలు బుధవారం తెరుచుకుని ఆదివారం అర్ధరాత్రికి మూసుకునేవి. ఆదివారం అక్కడ గుడి, పొయ్యిగుంటలో కాల్చిన వంట, నిద్ర. చేపకు గాలం కూడా వేయరు. గడువు మార్చమని నేను రెండు ఉత్తరాలు రాశాను. ముందే చేసుకోవచ్చు కదా అని జవాబు వచ్చింది. నిజమే. ఆమె ముందే చేసుకునేది కూడా, ప్రతి శనివారం మధ్యాహ్నం లోపు.

ఆగస్టులో ఆమె మేనత్త పోయింది. అక్కడ మేనత్తను మించిన పెద్దరికం లేదు. మేనగోడలు నాలుగు రోజులూ వెనక వంటల దగ్గరే ఉండాలి, జుట్టు విరబోసుకుని, నడుముకు సంతాప గుర్తుగా చిరిగిన పెద్ద చాప చుట్టుకుని. శనివారం సాయంత్రం ఆ చాపతోనే, ఒళ్లంతా పొగ వాసనతో వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చునే ఆరు లెక్కలు చేసింది. పదిలో ఆరు ఒప్పయితేనే ఆ వారం లెక్కకు వస్తుంది. ఇంటర్నెట్ పొద్దుటి నుంచీ లేదు. కాసేపు తెర వంక చూసి నోటుబుక్కు నా బల్ల మీద పెట్టింది.

"సోమవారం చూడండి మాస్టారూ. పోతే పోయింది లెండి."

ఆమె అడగలేదు. అది నేను గుర్తుంచుకోవాలి.

ఆదివారం మధ్యాహ్నం ఇంటర్నెట్ వచ్చింది. అందరి పాస్‌వర్డులూ నా దగ్గర రాసి ఉండేవి. ఆమె జవాబులు ఒక్కొక్కటే కొట్టాను. ఐదు పచ్చ. ఆరోది ఎరుపు. మైనస్ రెండు x ఆరు కంటే పెద్దదైతే, x ఎంత? మైనస్ సంఖ్యతో భాగించగానే 'పెద్దది' అన్న గుర్తు 'చిన్నది'గా తిరగాలి. ఆమె తిప్పలేదు. 'మైనస్‌తో భాగించారు, గుర్తు సంగతి ఏమిటి?' అని తెర అడిగింది. నేను గుర్తు తిప్పి కొట్టాను. పచ్చ.

సోమవారం ఆమెకు సంగతి సగమే చెప్పాను, జవాబులు నేను ఎక్కించానని.

"ఆదివారమా మాస్టారూ?"

"ఎక్కించింది నేను కదా."

"పేరు నాదేగా." అంది. తర్వాత తెర మీద ఆరు పచ్చ గుర్తులు చూసుకుని నోటుబుక్కు తెరిచి, ఆరింటి పక్కనా సిరాతో గుర్తులు పెట్టింది. ఆరోదాని పక్కన కూడా. నా కళ్లముందే. చెబుదామనే అనుకున్నాను. చావింటి నుంచి వచ్చిన మనిషి, ఇప్పుడెందుకులే అనుకున్నాను. మరుసటి వారం కూడా అలాగే ఏదో అనుకున్నాను.

నవంబరులో పరీక్ష. కాగితం మీద రాసేది. కాపలాగా వరుసల మధ్య తిరుగుతూ ఆమె భుజం మీదుగా చూశాను. నాలుగు మార్కుల ప్రశ్న. నోటుబుక్కులో నేర్చుకున్నట్టే, గుర్తు తిప్పకుండా, గుండ్రటి అక్షరాలతో రాసింది. నేను నడుస్తూ పోయాను. అక్కడ మాట్లాడకూడదు. మాట్లాడవలసిన చోట మూడు నెలలు మాట్లాడలేదు.

పాసవడానికి రెండు మార్కులు తక్కువ వచ్చాయి. ఆమె తరగతిని పెద్ద దీవి నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల అమ్మాయికి ఇచ్చారు.

డిసెంబరులో ఒక పొద్దున ఆమె వచ్చింది. మళ్లీ రాస్తానంది, అసలెక్కడ పోయిందో చూసుకుంటానంది. సాధన కోసం కాలేజీవాళ్లు మళ్లీ తెరిచిన పాత లెక్కలు తీసి, నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టింది. నేను బల్ల దగ్గరే ఉన్నాను. ఆరోది ఎప్పుడు వస్తుందో నాకు తెలుసు.

ఎరుపు వచ్చింది. ఆమె కింది మాట చదివింది. నోటుబుక్కులో సిరా గుర్తు మీద వేలు పెట్టింది.

"అప్పుడు పచ్చే వచ్చింది కదా మాస్టారూ?"

"నేను మార్చి కొట్టాను," అన్నాను.

ఆమె కనుబొమలు ఎత్తలేదు.

"అయితే ఇది అప్పుడే చెప్పింది. నాకు చెప్పిన మాట మీరు విని ఊరుకున్నారు."

కోపం లేదు ఆ గొంతులో. రెండో తరగతి పిల్లవాడితో, నువ్వు ఇక్కడ కూడిక తప్పావురా అన్నట్టు ఉంది. నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకుంది. గడప దగ్గర వంగి చెప్పులు తొడుక్కుంది. బదులు చెప్పడానికి హేలాలా అప్పటికే తలెత్తి చూస్తోంది. లోసలీనె లేచి నిలబడింది, రేవు వైపు మలుపు తిరిగింది. మాకు 'నోఫో ఆ' చెప్పలేదు. ఆ ఎర్ర గుర్తు వెలుగుతూనే ఉన్న తెరకూ చెప్పలేదు.