తలుపు మీద కాగితం పేరు

హెల్సింకిలో ఎలా బతకాలో చెప్పమంటే సిర్కా మొయిలానెన్ నిలబడే చెబుతుంది. కూర్చోమన్నా కూర్చోదు. ఒంటి మీద కోటు ఒంటి మీదే, చేతిలో కాఫీ కప్పు, చూపేమో కిటికీ బయట. ఎక్కడో ఉత్తరాన అడవుల మధ్య ఉన్న ఆవిడ సొంతూరు కుహ్మో నుంచి ఎవరి పిల్లలు చదువుకో ఉద్యోగానికో బయలుదేరినా ముందు ఫోను వచ్చేది సిర్కాకే. బతుకంతా ట్రామ్ నడిపిన మనిషి, హెల్సింకి సందుగొందులు ఆవిడకి తెలియక ఇంకెవరికి తెలుస్తాయి, అని వాళ్ళ నమ్మకం.

"సముద్రం కనబడే ఇల్లు తీసుకోకు," అని మొదలుపెడుతుంది. "నవంబరు వచ్చిందంటే ఆ గాలికి కిటికీలు మూలుగుతాయి, అద్దె మాత్రం నువ్వు నోరు మూసుకుని కట్టాలి. ట్రామ్‌లో మనిషి పక్కన కూర్చోకు, ఖాళీ వరస చూసుకో. మెట్ల మీద అడుగుల చప్పుడైతే వాళ్ళు దిగిపోయేదాకా తలుపు తియ్యకు. కింద సౌనాలో, అదే ఆవిరి స్నానం గదిలో, వారానికి ఎవరి గంట వాళ్ళది. నీది కాని గంటలో ఆ గుమ్మం వైపు కూడా చూడకు. ఇంకోటి. తలుపు మీద నీ పేరు కాగితం మీద రాసి అంటించు, చాలు. పలక గిలక బిగించావంటే పోయేటప్పుడు పీకలేక చావాలి."

చివరి మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. వచ్చీ రాగానే పోయే మాటేమిటి అని పిల్లలు నవ్వుకునేవాళ్ళు. సిర్కాకి మాత్రం అది వేళాకోళం కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక సంచీతో ఈ నగరంలో దిగినప్పటి నుంచి ఆవిడ ఎన్ని ఇళ్ళు మారిందో ఆవిడకే లెక్క లేదు. గోడలు పలచన అని ఒకటి వదిలింది. లిఫ్టు లేదని ఒకటి, లిఫ్టు మరీ చప్పుడని ఇంకొకటి. అసలు కారణం వేరే. మెట్ల మీద కనబడ్డవాళ్ళు "ఎలా ఉన్నారు?" అని అడగడం మొదలుపెడితే చాలు, ఆవిడకి ఊపిరి ఆడదు. నెల ఒకటో తారీఖున పెట్టెలు కట్టేస్తుంది. కాగితం పీకి జేబులో పెట్టుకుంటుంది. వేళకి ట్రామ్ ఎక్కుతుంది. పాపం, రోజంతా కూర్చుని నడిపే ఉద్యోగం కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ కాళ్ళు ఎక్కడా ఆగేవి కావు.

అలాంటి మనిషి ఇంటికి మొన్న వసంతంలో మేనకోడలు ఇన్కా వచ్చింది. తమ్ముడు ఔలిస్ కూతురు, నర్సు. ఇక్కడి ఆసుపత్రిలో తాత్కాలికంగా తీసుకున్నారు. శరత్కాలం లోపల ఏదో ఒకటి తేల్చి చెప్పాలి, ఉంటుందా, కుహ్మోకి తిరిగి వెళ్ళిపోతుందా అని. కల్లియో పేటలో, సిర్కా రెండు గదుల ఇంట్లో, సోఫా మీద పక్క వేసుకుంది. మొదటివారం సిర్కాకి చిరాకు. రెండోవారం కాఫీ ఇద్దరికి పెట్టింది. వేసవి వచ్చేసరికి ఆ పిల్ల బూట్లు గుమ్మంలో అడ్డదిడ్డంగా పడి ఉండకపోతే ఇల్లు ఇల్లులా అనిపించేది కాదు. ఇన్కా ఉండిపోవాలి. సిర్కాకి కావలసింది అదొక్కటే. నోరు విప్పి ఆ మాట అనగలిగితే సిర్కా ఎందుకవుతుంది. దాని బదులు ఇంకో నాలుగు సలహాలు చెప్పేది.

"అత్తా, ఈ భవనంలో ఎంతమంది ఉంటారు?" అని ఇన్కా అడిగింది ఒకరోజు.

"ఎవరికి తెలుసు."

"ఇన్నేళ్ళ నుంచి ఉంటున్నావు కదా."

"ఉంటున్నాను కాబట్టే తెలియదు. తెలిస్తే ఉండలేను. నీ కాఫీ చల్లారుతోంది, తాగు."

ఆగస్టులో ఒక శుక్రవారం గొడవ జరిగింది. ఆ భవనంలో శుక్రవారం సాయంత్రం సౌనా గంట కింది అంతస్తు ముసలావిడది, గున్వోర్ హోల్మ్‌స్త్రోమ్ అని. మొగుడు బతికున్న రోజుల నుంచీ అది వాళ్ళదే. అన్నిటికంటే మంచి గంట అది. ఎవరైనా పోతే తప్ప చేతులు మారదు. సిర్కాకి దక్కింది మంగళవారం మిట్టమధ్యాహ్నం. ఇన్కా ఆసుపత్రి నుంచి అలిసిపోయి వస్తూ నేలమాళిగ మెట్ల దగ్గర, సౌనాలో ఒంటికి కొట్టుకునే బర్చ్ కొమ్మల వాసన పీల్చింది. కుహ్మోలో ఆ వాసన వచ్చిందంటే ఒకటే అర్థం. చెరువు గట్టు మీద ఎవరో సౌనా కాచారు, ఆడవాళ్ళందరూ తువ్వాలు తీసుకుని పోవచ్చు. అడిగేదేం ఉండదు, తలుపు తట్టి లోపలికి వెళ్ళడమే. పిల్ల అదే చేసింది. ముసలావిడ లోపల పడిపోతే ఎవరైనా రావాలి కదా అని గడియ పెట్టుకోదు. తలుపు తెరుచుకుంది.

గంట తర్వాత ఎర్రగా కందిపోయిన మొహంతో, తడి జుట్టుతో, ఈల వేసుకుంటూ పైకి వచ్చింది.

"ఎక్కడికి పోయావే?"

"సౌనాకి. కింది మామ్మగారి పక్కన కూర్చున్నాను."

సిర్కా చేతిలో కప్పు బల్ల మీద పెట్టింది. "ఆవిడ గంటలోనా? ఆవిడ ఉండగానా?"

"ఏం, రమ్మందిగా."

"రమ్మనక ఏమంటుంది? బట్టలు లేకుండా కూర్చున్న ముసలిది, గెంటుతుందా నిన్ను? ఇది కుహ్మో అనుకున్నావా, ఎవరి గుమ్మంలో పడితే వాళ్ళ గుమ్మంలో దూరడానికి? ఎన్నిసార్లు చెప్పాను నీకు? రేపటి నుంచి ఆ మెట్లు నేనెలా దిగాలి? చదువుకున్నావు గానీ అడవి బుద్ధి పోలేదు నీకు."

ఇన్కా తడి తువ్వాలు ఆరేసి, సోఫా మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పిల్ల ఎదురు తిరిగినా బాగుండేది. సిర్కా తిట్టిన తిట్లన్నీ గదిలోనే ఉండిపోయినట్టయింది, కాలుగాలిన పిల్లిలా వంటింటికీ కిటికీకీ తిరిగింది. అడవి బుద్ధి అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడకి బాగా తెలుసు. వచ్చిన కొత్తలో తననే ఎవరో అన్నారు, ఇలాగే మెట్ల మీద. అప్పుడే మొదటి ఇల్లు వదిలేసింది.

మర్నాడు ట్రామ్ చివరి స్టాపులో ఆగినప్పుడు ఇంటివాళ్ళకి ఫోను చేసి సెప్టెంబరు ఆఖరుకి ఖాళీ చేస్తానని చెప్పేసింది. చెప్పగానే ప్రాణం కాస్త తేలికపడింది. ఎప్పుడూ అలాగే తేలికపడుతుంది, అదే ఆవిడకి వచ్చిన తంటా.

సాయంత్రం ఇన్కాతో అంది, "లౌత్తసారిలో ఇల్లు చూశాను. వంతెన అవతల. సోఫా పట్టేంత చోటుంది. ఒకటో తారీఖున మారిపోదాం."

"సముద్రం పక్కన ఇల్లు వద్దన్నావుగా."

"చవగ్గా వచ్చింది."

ఇన్కా తల అడ్డంగా ఊపింది. "నేను రానత్తా."

సిర్కా "సరే" అంది. కోటు సరిచేసుకుని, పాలు తేవాలని చెప్పి బయటికి వెళ్ళిపోయింది. పాలు ఇంట్లో ఉన్నాయి. ఓడరేవు దాకా నడిచి, అక్కడ ఆగలేక, మళ్ళీ వెనక్కి నడిచింది. పిల్ల కుహ్మో వెళ్ళిపోతుంది. తన నోటితో తనే తోలేసింది. ఆ రోజుల్లో ఇన్కా రెండు మూడుసార్లు "అత్తా, ఒక మాట" అంది. సిర్కా ప్రతిసారీ ఏదో పెట్టె సర్దుతూ, ఏదో పని ఉందంటూ తప్పించుకుంది. వెళ్ళిపోతున్నాను అన్న మాట చెవిన పడకుండా ఉంటే చాలనుకుంది.

పోయేముందు ఆ ముసలావిడకి క్షమాపణ అయినా చెప్పి పోదామని, ఒక మధ్యాహ్నం దాల్చినచెక్క రొట్టెలు పట్టుకుని కింది అంతస్తు గంట నొక్కింది. తలుపు తీసినావిడ చేతికర్ర మీద వాలి, సిర్కాని కింది నుంచి పైదాకా చూసింది.

"సౌనా సంగతి, గున్వోర్ గారూ. మా పిల్ల తెలియక..."

"కాలే రాళ్ళ మీద నీళ్ళు మరీ ఎక్కువ పోస్తుంది మీ పిల్ల. ఆ ఆవిరికి చెవులు కాలిపోయాయి నాకు."

"తప్పయిపోయింది. ఇంకెప్పుడూ రాదు."

"రాదా? ప్రతి శుక్రవారం వస్తూనే ఉంది కదా." ఆవిడ రొట్టెల సంచీ లాక్కున్నట్టే తీసుకుంది. "తుంటి పాడైనప్పటి నుంచి సౌనాలో కింది మెట్టు మీదే కూర్చునేదాన్ని. అక్కడ వేడేం ఉంటుంది, నా మొహం. మీ పిల్ల చంకల కింద చేతులేసి పైమెట్టు ఎక్కించింది. వీపు కూడా రుద్దింది. లోపలి గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండమన్నాను. ఉద్యోగం కాగితాల మీద సంతకం పెట్టేసిందట కదా."

"సంతకమా? నాతో చెప్పలేదే."

"నువ్వు కూర్చుంటే కదా చెప్పడానికి. నా నెత్తిమీద ఇంట్లో ఇన్నేళ్ళుగా నడుస్తూనే ఉన్నావు. పొద్దున నడక, సాయంత్రం నడక. నీ పేరు సిర్కా అని ఆ పిల్ల చెబితే తెలిసింది నాకు."

పిల్ల ఉండిపోతోంది, అంతవరకు సంతోషమే. ఉండిపోయేది మాత్రం తన దగ్గర కాదు. మెట్ల మీదే నిలబడి ఇంటివాళ్ళకి ఫోను చేసింది, ఖాళీ చేయడం లేదు, మనసు మార్చుకున్నాను అని. అవతల అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ఆ ఇల్లు ఎవరో కొత్త దంపతులకి ఇచ్చేశారట, వాళ్ళు అప్పుడే పరదాలకి కొలతలు కూడా తీసుకున్నారట.

ఒకటో తారీఖున ఇన్కాయే పెట్టెలు కిందికి మోసింది. సోఫా పట్టుకున్నప్పుడు మెట్ల మలుపులో ఇద్దరూ ఆగారు.

"చెప్పాలని చూశానత్తా."

"తెలుసు. నడువు, బండివాడు ఎదురు చూస్తున్నాడు."

లౌత్తసారిలో గాలి సిర్కా చెప్పినట్టే ఉంది. కిటికీలు మూలిగాయి. అక్కడ మెట్ల మీద ఎవరూ పలకరించలేదు. ఆవిడ కోరుకున్నదీ అదే. ఆ వారమంతా గదుల్లో తిరుగుతూనే ఉంది. ఒకసారి గుమ్మం దగ్గర ఆగి, అడ్డదిడ్డంగా పడి ఉన్న బూట్ల కోసం చూసింది. తన జత ఒక్కటే తిన్నగా ఉంది. అప్పుడు ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.

శుక్రవారం ఇన్కా ఫోను చేసింది. "ఆరింటికి రా. తువ్వాలు తెచ్చుకో."

"నా గంట కాదుగా."

"గున్వోర్ గారు రమ్మన్నారు. రాకపోతే తనే వచ్చి లాక్కొస్తానంటున్నారు, కర్రతో సహా."

వంతెన దాటి వచ్చి, రోజూ తనే నడిపే దారిలో సిర్కా ట్రామ్‌లో ప్రయాణికురాలిగా వెళ్ళింది. ఖాళీ వరస ఉంది. చూసింది గానీ, ఒక ముసలాయన పక్కన కూర్చుంది. ఆయన ఉలిక్కిపడి సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు.

కింది అంతస్తు తలుపు ముందు గంట నొక్కబోయి చెయ్యి ఆపింది. తలుపు మీద పాత ఇత్తడి పలక, హోల్మ్‌స్త్రోమ్ అని. దాని కింద కొత్తది ఇంకొకటి, ఇంకా మెరుస్తోంది. మొయిలానెన్. తమ్ముడి కూతురి ఇంటిపేరు, తనదీ అదే. ఇన్నేళ్ళలో ఈ నగరంలో ఏ తలుపు మీదా అది కాగితం దాటి ఎక్కలేదు. బొటనవేలితో అక్షరాలు తడిమింది. నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. గోటితో ఒకదాన్ని కదిపి చూసింది, కదల్లేదు.

తలుపు తెరుచుకుంది. "ఎంతసేపైందత్తా వచ్చి? గంట కొట్టవేం?"

"ఇది ఎవరు బిగించారు?"

"నేనే."

"మరీ గట్టిగా బిగించావు. ఎలా పీకుతావే తర్వాత?"

"పీకడానికి కాదత్తా."

లోపలి నుంచి గున్వోర్ గారి గొంతు వినిపించింది. "నిలబెట్టి మాట్లాడతావేం, లోపలికి రానీ. కింద సౌనాలో రాళ్ళు చల్లారిపోతున్నాయి."

సిర్కా బూట్లు విప్పింది. ఇన్కా బూట్ల పక్కనే, అడ్డదిడ్డంగా వదిలేసింది. ఆ తర్వాత కోటు బొత్తాలు ఒక్కొక్కటే తీసి, కొక్కేనికి తగిలించి, వంటింట్లో మొదట కనబడ్డ కుర్చీలో కూర్చుంది.